బట్టమేక ఎక్కిన బండి

శుక్రవారం, కర్నూలు

బండిలో ఊరూరా తిప్పబోయే జంతువుల బొమ్మల ఫ్రేములకు గాజు వద్దని మా చిత్రకారుడు ముందే తేల్చేశాడు. గాజు వేస్తే మొదటి గతుకుకే పగులుతుంది, పగిలిన పెంకు కాగితాన్ని కోస్తుంది. అందుకని అన్నిటికీ పల్చటి యాక్రిలిక్ షీట్లు వేయించాడు. మూలలకు థర్మోకోల్ ముక్కలు, ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య పాత దుప్పట్లు, పైన టార్పాలిన్. టాటా ఏస్‌లో బొమ్మల్ని నిలబెట్టే కట్టాలి. పడుకోబెడితే పైవాటి బరువుకు కింది షీటు వంగి రంగుకు అంటుకుంటుందట. సాయంత్రం నుంచి రాత్రి భోజనాల దాకా తాళ్లు లాగుతూ నేను నేర్చుకున్న విద్య ఇది.

ఆయన డ్రాయింగు మాస్టరు. సెలవులొస్తే బైనాక్యులర్ మెడలో వేసుకుని గుట్టలు పట్టుకు తిరుగుతాడు. చిన్న పుస్తకంలో పెన్సిలుతో గీసుకొచ్చినవాటిని ఇంట్లో నీటిరంగుల్లోనో గువాష్‌లోనో పెద్దవి చేస్తాడు. గువాష్ కూడా నీటిరంగే, కాకపోతే చిక్కగా ఉండి కింద ఉన్నదాన్ని కప్పేస్తుంది. ఎండిన గడ్డిలో నిలబడ్డ కృష్ణజింక పొట్ట తెలుపు దానితో బాగా వస్తుంది.

ఇదివరకు ఒక పట్నంలో హాలు అద్దెకు తీసుకుని ప్రదర్శన పెట్టాడు. వచ్చినవాళ్లు మంచివాళ్లే. కానీ ఎక్కువమంది అడిగింది రేటు, లేదంటే సోఫా వెనక గోడకు సరిపోతుందా అని. "ఒక్కరన్నా ఇది ఎక్కడ తిరుగుతుంది అని అడగలేదన్నా" అని ఇప్పటికీ అంటుంటాడు. ఆ మాటే ఈ ప్రయాణానికి మూలం. టికెట్టు లేదు, అమ్మకం లేదు. సీమ జంతువుల బొమ్మల్ని సీమ ఊళ్లకే తీసుకెళ్లి వేలాడదీయడం, అంతే. పెట్రోలు ఖర్చు చెరిసగం.

అమెరికాలో దీనికి పెద్ద ఏర్పాట్లే ఉన్నాయి. జంతు చిత్రకారుల సంఘం, సొసైటీ ఆఫ్ యానిమల్ ఆర్టిస్ట్స్, 1960 నుంచి ఉంది. ఏటా ఒక మ్యూజియంలో పెద్ద ప్రదర్శన పెట్టి, అందులో కొన్ని బొమ్మల్ని వేరే ఊళ్ల మ్యూజియాలకు తిప్పుతారు. విస్కాన్సిన్‌లో వాసా అనే ఊళ్లో ఒక మ్యూజియం 1976 నుంచి ఒక్క పక్షుల బొమ్మలకే ఇలాంటి ప్రదర్శన నడుపుతోంది. అక్కడ పెట్టెలకూ బీమాకూ మనుషులున్నారు. మాకున్నది ఒక నైలాన్ తాడు, రెండు డబ్బాల నల్ల క్లిప్పులు, డ్రైవరు తమ్ముడు. ఆ తమ్ముడికి బొమ్మల మీద మొదట్లో ఏ ఆసక్తీ లేదు. "ఎన్ని కిలోలు సార్?" అని మాత్రం అడిగాడు.

శనివారం, ఓర్వకల్లు

పొద్దున్నే ఉగ్గాని బజ్జీ తిని నంద్యాల రోడ్డెక్కాం. ఓర్వకల్లు దగ్గర రోడ్డు పక్కన రాక్ గార్డెన్ చూడ్డానికి ఆగేవాళ్లు చాలామందే. అక్కణ్నుంచి కేతవరం గుట్టలకు పోయేవాళ్లు తక్కువ. ఆ గుట్టల్లో ఆదిమానవుల బొమ్మలున్నాయి.

ఊరి కుర్రాడొకడు దారి చూపించాడు. చూరులా ముందుకొచ్చిన బండ కింద ఎర్రటి జింక. చారెడు కూడా లేదు. వీపు గీత ఒకే ఊపులో వచ్చింది, మెడ దగ్గర ఆగలేదు, కొమ్ముల దాకా పోయింది. కాళ్లు మాత్రం పుల్లలు. మాస్టరు దాని ముందు చాలాసేపు కూర్చున్నాడు. "కాళ్లు చూడలేదు వీడు. పరుగెత్తేటప్పుడు కాళ్లు కనపడవు గదా, వీపే కనపడుతుంది" అన్నాడు. వేసినవాడికి అది తిండి. తప్పించుకుపోయే తిండిని చూసే చూపు వేరు, ఆర్టు స్కూల్లో కూర్చుని నేర్చుకునే చూపు వేరు. ఈ విషయంలో నేను మాస్టరు పక్షమే.

రంగు జాజు. మా అమ్మ గడపకూ అరుగుకూ పూసినది. ఇనుప ధాతువున్న ఎర్రమట్టి. ఎండకు వెలవదు, బండ రంధ్రాల్లోకి ఇంకిపోతుంది. బేతంచెర్ల వైపు ఇప్పటికీ పసుపుపచ్చ మట్టి తవ్వి రంగుల కంపెనీలకు పంపుతారు. మాస్టరు డబ్బాలో ఉన్న ఎల్లో ఆకర్ ట్యూబు సీమ నుంచి పోయి సీమకు తిరిగొచ్చిన మట్టి అయినా ఆశ్చర్యం లేదు.

బేతంచెర్ల దగ్గరే బిల్లసర్గం గుహలు. 1880ల్లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ అక్కడ తవ్వితే ఖడ్గమృగం ఎముకలు కూడా దొరికాయి. కర్నూలు సీమలో ఖడ్గమృగం! ఎముకలు చూసి ఖడ్గమృగాన్ని గీయమని మాస్టరును ఆట పట్టించాను. నవ్వి ఊరుకున్నాడు.

మధ్యాహ్నం దగ్గర్లోని బడిలో వరండా స్తంభాలకు తాడు కట్టి బొమ్మలు వేలాడదీశాం. తాడు మూడో తరగతి పిల్లల కంటి ఎత్తులో ఉండాలని మాస్టరు పట్టు. పెద్దవాళ్లు వంగి చూస్తారులే అన్నాడు. పేర్లన్నీ తెలుగులో, ఊరివాళ్లు పిలిచే పేర్లే: అలుగు, కణితి, దేవాంగపిల్లి, ఉడుము, కౌజు. అలుగు ముందు పెద్ద గొడవ. అది చేపా జంతువా అని. పొలుసులున్నాయి గాబట్టి చేపేనని ఒక వర్గం. మాస్టరు తన గోరు చూపించి, మన గోరు, జుట్టు, అలుగు పొలుసు అన్నీ ఒకే పదార్థమని చెప్పాడు. వాళ్లు నమ్మలేదు. ఒక పిల్ల ఇంటికెళ్లి నాయనమ్మను తీసుకొచ్చింది. ఆమె చూసి "అలుగే. పట్టుకుంటే ఉండ చుట్టుకుంటాది" అంది. గొడవ అక్కడితో సరి.

ఆదివారం, రోళ్లపాడు

నందికొట్కూరు మీదుగా వచ్చాం. కొత్త జిల్లాల లెక్కలో ఇది నంద్యాల జిల్లా, ఊరివాళ్ల నోట్లో ఇంకా కర్నూలే. దారి పొడవునా శనగ కోతలు. చెట్టూ చేమా లేని మెట్ట, గడ్డి, మళ్లీ మెట్ట. అడవి అంటే చెట్లే అనుకునేవాళ్లు ఇక్కడికొచ్చి ఇందులో ఏముంది అంటారు. బట్టమేక అనే పెద్ద పక్షికి కావాల్సిందే ఇది. నాలుగు వైపులా దూరం కనపడాలి, నేల మీద ఒక్క గుడ్డు పెట్టుకోడానికి ఇంత గడ్డి కావాలి. 1988లో ఇక్కడ 6 చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేలను దానికోసమే అభయారణ్యంగా ప్రకటించారు.

ఇప్పుడు బట్టమేక లేదు. దేశం మొత్తం మీద బయట తిరిగేవి 150 కూడా ఉండవని లెక్క, వాటిలో ఎక్కువ రాజస్థాన్‌లోనే. గడ్డి మెట్టలు పొలాలయ్యాయి, కాల్వలొచ్చాయి, కరెంటు తీగలొచ్చాయి. దాని కళ్లు పక్కలకు చూస్తాయి, ఎగిరేటప్పుడు ఎదురుగా ఉన్న తీగ కనపడదు. కనపడేసరికి 10 కిలోలు దాటిన ఒళ్లు పక్కకు తిరగదు.

మాస్టరు దాన్ని జైసల్మేరు ఎడారికి పోయి చూసొచ్చాడు. బొమ్మ మాత్రం నిలువెత్తున, మీటరు పక్షిని మీటరుగానే వేశాడు. అందుకు రెండు షీట్లు అతికించాల్సి వచ్చింది. అమెరికా పక్షులన్నిటినీ అసలు సైజులోనే వేయాలని పట్టుబట్టిన ఆడుబాన్‌కు కాగితం చాలక, ఫ్లెమింగో మెడను నేలకు వంచి ఇరికించాడు. మూడడుగుల పైన కాగితం, అయినా చాల్లేదు. ఆయన కూడా తిరుగుడు మనిషే. 1826లో బొమ్మలన్నీ మూటగట్టుకుని ఓడెక్కి లివర్‌పూల్‌లో దిగి, అక్కడ ప్రదర్శన పెట్టి, చూడ్డానికి వచ్చినవాళ్ల దగ్గర డబ్బు తీసుకున్నాడు. అచ్చు వేయించడానికి చందాదారుల్ని వెతుక్కుంటూ ఎడింబరో, లండన్ తిరిగాడు. మా మాస్టరు మెడ వంచలేదు. బట్టమేక అందమంతా ఆ తెల్లటి మెడా, తల మీద నల్లటి టోపీనే. వంచితే ఇంకేం మిగుల్తుంది?

ఊళ్లో వేపచెట్టుకూ కరెంటు స్తంభానికీ తాడు కట్టాం. గాలి. క్లిప్పులు ఊడుతున్నాయి. బట్టమేకను చెట్టు మొదలుకే ఆనించాం. మగవాళ్లు వచ్చారు, ఆడవాళ్లు కొంచెం దూరంగా నిలబడ్డారు, ఎండ తగ్గాక గొర్రెల కాపరులు దిగారు. ఇంతవరకూ బొమ్మలకు దొరకని విమర్శకులు వీళ్లే.

తోడేలు బొమ్మ ముందు ఒక పెద్దాయన కర్ర ఆనించుకుని నిలబడ్డాడు.

"ఎవరేసినారప్పా ఇది?"

మాస్టరు ముందుకొచ్చాడు.

"తోడేలు తోక ఇట్ల లేపదు సార్. కిందికి ఏలాడేసుకొని పోతాది. తోక లేపేది కుక్క. ఇది మా మంద మీదికొస్తే నేను కుక్కనే అనుకుంటా, గొర్రె పోతాది."

మాస్టరు వెంటనే పెన్సిలు తీశాడు. తోడేలు ఎట్లా నడుస్తుంది, గొర్రెను ఎక్కడ పట్టుకుంటుంది, ఒకటే వస్తుందా జోడుగానా. పెద్దాయన చెప్తుంటే గీసుకుంటూ పోయాడు. కర్రతో మట్టి మీద పెద్దాయన కూడా గీశాడు. ఆ గీత వీపు దగ్గర ఎక్కడా వణకలేదు.

కృష్ణజింక ముందు మాత్రం మెచ్చుకోళ్లు లేవు. "శనగ చేనంతా తొక్కి పెడతాండాయి, మీరు బొమ్మలేసి తిప్పుతాండారు" అని ఒక రైతు గట్టిగానే అన్నాడు. రాష్ట్ర జంతువు అది. బట్టమేక కోసం కాపాడిన గడ్డిలో బట్టమేక పోయి జింకలు పెరిగాయి. జింకలు పెరిగితే చేలల్లో పడతాయి. ఆయన కోపంలో అన్యాయం ఏమీ లేదు. నష్టపరిహారం ఎంత వచ్చిందని అడిగితే చెయ్యి ఊపేసి పోయాడు. జంతువుల్ని అందంగా వేసేవాళ్లు ఈ సంగతి దగ్గరికి సాధారణంగా రారు. నష్టపోయినవాడు బొమ్మ ముందుకొచ్చి నిలబడితే తప్ప గుర్తు రాదు.

బట్టమేకను చూసినవాళ్లు ఉన్నారా అని అడిగితే చేతులు లేచినవన్నీ తల నెరిసినవాళ్లవే. ఒకామె చేత్తో ఎత్తు చూపించింది, "ఇంత". బొమ్మ పక్కకు పోయి చెయ్యి పెట్టి సరి చూసుకుంది. సరిపోయింది. పిల్లల్లో ఒక్కడు కూడా చూడలేదు. వాళ్లకు అది ఖడ్గమృగంతో సమానం.

సోమవారం

ప్రయాణమే. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు, కడప. దారిలో ఒకచోట బడిలో పెట్టుకుందామని ముందే మాట్లాడుకున్నాం, తీరా పోతే పరీక్షలు దగ్గరపడ్డాయి, పిల్లల ఏకాగ్రత చెడుతుంది అని వద్దన్నారు. కడపలో రాత్రి కారం దోసె. డ్రైవరు తమ్ముడు ఫోన్లో ఎవరికో తోడేలు తోక గురించి చెప్తుంటే విన్నాను.

మంగళవారం, సిద్ధవటం

పెన్నా పక్కన కోట, వెనక లంకమల కొండలు. ఈ కొండల అడుగున ముళ్లపొదలకూ ఖాళీ నేలకూ మధ్య కలివికోడి అనే పక్షి బతుకుతుంది, ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు.

నెల్లూరులో సివిల్ సర్జన్‌గా చేసిన టి.సి. జెర్డాన్ 1848లో దీన్ని శాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చాడు. ఆయన అంతకుముందే 1843, 1847 మధ్య మద్రాసులో 50 చిత్రాల పక్షి సంపుటం తెచ్చినవాడు. బొమ్మలు వేసింది మనవాళ్లే, మద్రాసు చిత్రకారులు. దొర పేరు పక్షికి ఉండిపోయింది, వాళ్ల పేర్లు మనకు నోటికి రావు. 1900లో అనంతపురం దగ్గర కనపడిందని ఒక నమోదు. ఆ తర్వాత లేదు. పోయిందనే అనుకున్నారు.

1980ల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతూ ఇక్కడికి వచ్చాడు. పక్షి లేదు, ఫోటో లేదు. ఉన్నది పాత నమూనాలు చూసి వేసిన బొమ్మ. ఆ బొమ్మ పట్టుకుని ఊళ్లలో పిట్టలు పట్టేవాళ్లను అడిగారు. చూశాం, రాత్రిపూట తిరుగుతుంది అన్నారు. అప్పటిదాకా పగలు వెతికినవాళ్లకు అదే మొదటి సంగతి. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర వాళ్లలో ఒకడైన ఐతన్న రాత్రి టార్చిలైటు వేసి దాన్ని పట్టుకున్నాడు. 86 ఏళ్ల తర్వాత.

నన్నడిగితే సీమలో ఇంతకన్నా పనికొచ్చిన జంతుచిత్ర ప్రదర్శన జరగలేదు. హాలు లేదు, రిబ్బను లేదు. ఒక బొమ్మ ఊరూరా తిరిగింది, తెలిసినవాడి కంట్లో పడింది. చిత్రం బాగుందా లేదా అని ఎవరూ అనలేదు. "మా గుట్ట కింద ఉండాది" అన్నారు.

మా బండిలో కలివికోడి బొమ్మ లేదు. తను కళ్లతో చూడనిదాన్ని వేయనని మాస్టరు నియమం. దాని బదులు చిన్న ఫ్రేములో స్టాంపు పెట్టాడు. 1988లో తపాలాశాఖ కలివికోడి మీద తెచ్చిన రూపాయి స్టాంపు. పక్కనే దారంతో భూతద్దం కట్టాడు. బడిలో నిలువెత్తు బట్టమేకను వదిలి పిల్లలందరూ అంగుళమంత స్టాంపు ముందు వరస కట్టారు. భూతద్దంలో అప్పుడు రొమ్ము మీది రెండు గోధుమరంగు పట్టీలు, కంటి మీద తెల్లటి గీత తేలతాయి. ఒక్కొక్కరికి ఐదు సెకన్లు అని డ్రైవరు తమ్ముడు తనంతట తనే కాపలా కాశాడు. అంతేకాదు, "ఇది మీ ఊరి పిట్టే, బొంబాయోళ్లొచ్చి ఎతుక్కున్యారు" అని చెప్పడం కూడా మొదలుపెట్టాడు.

ఐతన్న కథ ఆ బడిలో కొందరికి ముందే తెలుసు. పక్షి కోసం పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, పొద్దున్నే కాలిముద్రలు చూసేవాళ్లని ఒక మాస్టారు చెప్పాడు. కెమెరాలు కట్టేవాళ్లట. 2005లో తెలుగుగంగ కాల్వ పని దాని నేల మీదికే వస్తే గొడవై, దారి మార్చాల్సి వచ్చింది. ఒక కాల్వనే పక్కకు జరిపిన పిట్ట. అయినా ఆ తర్వాత ఏళ్ల తరబడి జాడ లేకుండా పోయింది.

సాయంత్రం మాస్టరు కొండల వైపు చాలాసేపు నిలబడ్డాడు. చీకటి పడ్డాక అడవిలోకి మనకు అనుమతి ఉండదు. దోమలు కూడా బాగా ఉన్నాయి. వెనక్కి వచ్చేశాం.

బుధవారం, చింతకుంట

ముద్దనూరు దగ్గర చింతకుంట. ఊరివాళ్లు ఎద్దుల ఆవుల గుండు అంటారు. పేరులోనే ఉంది, గుండు మీద ఎద్దులున్నాయి, ఆవులున్నాయి. మూపురం ఎత్తుగా, కొమ్ములు వంపుగా. ఎరుపులో కొన్ని, తెలుపులో కొన్ని. జింకలున్నాయి, బాణాలు పట్టిన మనుషులున్నారు. బండలు ఎక్కడం కష్టమే, నా మోకాళ్లు నన్ను తిట్టాయి.

కేతవరం జింకలో పారిపోవడం ఉంది. ఇక్కడి ఎద్దులో నిలబడటం ఉంది. మందను మచ్చిక చేసుకున్నవాళ్ల చెయ్యి తెలిసిపోతుంది. మూపురం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో వీళ్లకు బాగా తెలుసు. మనిషి బొమ్మలు మాత్రం ఏదో పని కావాలి గాబట్టి వేసినట్టున్నాయి.

ప్రదర్శన పెట్టలేదు. ఆ గోడల పక్కన మనం తాడు కట్టడం బాగోదని మాస్టరు అన్నాడు, నేనూ ఒప్పుకున్నా.

గురువారం, నిమ్మలకుంట

తాడిపత్రి మీదుగా ధర్మవరం, అక్కణ్నుంచి నిమ్మలకుంట. ఊళ్లోకి అడుగు పెట్టగానే ఇళ్ల ముందు చట్రాలకు లాగి కట్టిన మేకతోళ్లు ఎండుతూ కనిపిస్తాయి. తోలుబొమ్మలాట కళాకారుల ఊరు. దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది ఇక్కణ్నుంచే.

మేం వెళ్లిన ఇంట్లో ఒకాయన మాయలేడి తయారు చేస్తున్నాడు. రావణుడి మామ మారీచుడు సీత కోసం వేసిన వేషం. తోలును నానబెట్టి, వెంట్రుక గీకేసి, ఎండబెడితే పల్చగా, అవతల వేళ్లు కనపడేంతగా అవుతుంది. దాని మీద బొమ్మ గీసి, చిన్న చిన్న ఉలులతో చిల్లులు పొడుస్తారు. గుండ్రటి ఉలి, చంద్రవంక ఉలి, చుక్క ఉలి. చెక్కదిమ్మె మీద తోలు పెట్టి సుత్తితో టక్కుమని ఒక్క దెబ్బ. లేడి ఒంటి మీది మచ్చలన్నీ చిల్లులే. రంగు రెండు వైపులా వేస్తారు, లేకపోతే తెర మీద వెలిసినట్టు పడుతుంది. చెట్ల రంగులు పోయి ఇప్పుడు సీసాల రంగులొచ్చాయి.

ఆయన లేచి కిటికీ దగ్గరికి పోయి లేడిని ఎండకు పట్టాడు. అప్పటిదాకా మురికి ఎరుపులో ఉన్న తోలు ఒక్కసారి వెలిగింది, చిల్లుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా గోడ మీద పడింది. మెడ దగ్గర కీలు. వెదురుపుల్ల తిప్పగానే లేడి పరుగెత్తుతూ వెనక్కి తిరిగి చూసింది. రాముడు వస్తున్నాడా లేదా అని. నీటిరంగుల్లో ఎన్నేళ్లు వేసినా ఆ మెడ తిరగదు. మాస్టరు ముఖం చూశాను, అసూయ దాచుకోలేదు.

ఆయన మా బొమ్మలూ ఒక్కొక్కటే చూశాడు. నిదానంగా, ఫ్రేము పక్కల నుంచి కూడా. "బాగుండాయి సార్. మీదానికి ముందర నుంచి ఎలుతురు గావాల. మాదానికి ఎనక నుంచి" అన్నాడు.

వీళ్ల పెద్దలు పెట్టెల్లో బొమ్మలు సర్దుకుని ఎద్దులబండ్ల మీద ఊరూరా తిరిగారు. ఊరి బయట తెల్లటి తెర, వెనక ఆముదం దీపాలు, హార్మోనియం, మద్దెల, కాళ్ల కింద చెక్కలు తొక్కే చప్పుడు. తెల్లవార్లూ ఆట. జటాయువు, జాంబవంతుడు, హనుమంతుడు, ఏనుగులు, గుర్రాలు, పాములు. మధ్యలో కేతిగాడు, బంగారక్క వచ్చి నవ్వించాలి. అమెరికా వాళ్ల సంఘం 1960లో పెట్టుకున్నారని రాశానే, ఇక్కడ దానికి ఎన్నో తరాల ముందే జంతువుల బొమ్మలు బండెక్కి ఊళ్లు తిరిగాయి. మేము ఏదో కొత్తగా చేస్తున్నామని శుక్రవారం నాడు ఎవరైనా అని ఉంటే అది తప్పు.

ఇప్పుడు ఆటలకు పిలుపులు తక్కువ. ల్యాంపుషేడ్లు, గోడబొమ్మలు చేసి ప్రదర్శనలకు, మేళాలకు తీసుకుపోతారు. ఎక్కువ పోయేది నెమలి. జింకకు కూడా గిరాకీ ఉంది. అవి కూడా తిరుగుతున్నవే, కాకపోతే తెర వెనక కాదు, స్టాలు మీద.

ఒక విషయం అడక్కుండా ఉండలేకపోయాను. పాతకాలంలో దేవుళ్ల బొమ్మలకు జింకతోలు వాడేవాళ్లని విన్నాను, నిజమేనా? నిజమే అన్నాడు. పల్చగా ఉంటుంది, వెలుతురు బాగా దాటుతుంది. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత అది లేదు, అంతా మేకతోలే. మాయలేడి కూడా మేకే. "అది మొదటి నుంచి మాయదే గదా" అని నవ్వాడు.

రాత్రి వాళ్ల వీధిలో ప్రదర్శన. కరెంటు బల్బు కింద మా బొమ్మలు, ఎదురింటి అరుగు మీద దుప్పటి తెర కట్టి వాళ్లవి. జనం అటు చూశారు. మాస్టరు కూడా అటే చూశాడు. నేను చెప్పక్కర్లేదు.

శుక్రవారం, లేపాక్షి

పెనుకొండ, హిందూపురం దాటి లేపాక్షి. అంతటి బసవన్నను ఒక్క రాతిలో చెక్కారు, దాని దగ్గర ఫోటోలు దిగేవాళ్ల వరస ఎప్పుడూ తగ్గదు. గుళ్లోకి పోతే తల ఎత్తాల్సిందే. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ కట్టించిన మండపం పైకప్పు నిండా బొమ్మలు. సున్నపు పూత మీద జాజు, పసుపుమట్టి, మసి నలుపు.

కిరాతార్జునీయంలో పందిని చూడండి. శివుడూ అర్జునుడూ ఇద్దరూ బాణాలేసి నాదంటే నాదని కొట్లాడుకున్న పంది. మాస్టరు మెడ నొప్పి పుట్టేదాకా చూసి, మెడ మీది నిక్కిన వెంట్రుకలు అడవిపందివే, ఊరపందివి కావు అన్నాడు. ఇంకోచోట మనునీతి చోళుడి కథ: రాజకుమారుడి రథం కింద పడ్డ దూడ, న్యాయం అడగడానికి వచ్చిన ఆవు. నేను చిన్నప్పుడు చూసినప్పుడు ఆవు గుర్తుంది, రాజు గుర్తులేడు.

ఒక స్తంభం మీద చెక్కిన మూడు తలల ఆవు ఉంది. ఒళ్లు ఒకటే. రెండు తలలు చేత్తో మూస్తే మూడోది మేస్తూనో, తల ఎత్తి చూస్తూనో ఉంటుంది. గైడ్లు అందరికీ ఇదే చేసి చూపిస్తారు. జంతువు కదలికను ఒకే రాతిలో పట్టాలంటే ఏం చేయాలో ఆలోచించినవాడు చేసిన పని అది. నిమ్మలకుంట ఆయన కీలు పెట్టాడు, ఈయన తలలు పెంచాడు.

బయట ఒక టీ కొట్టాయన దయ వల్ల షెడ్డు కింద గంటసేపు బొమ్మలు పెట్టాం. పర్యాటకులు చూశారు. రేటు అడిగారు.

శనివారం, వీరాపురం

లేపాక్షి నుంచి దూరం లేదు. చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు. ఏటా సంక్రాంతి అటూ ఇటూ వచ్చి, గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచుకుని పోతాయి. ఊరివాళ్లు వాటినేం అనరు, అననివ్వరు. పసుపు ముక్కు, ఎర్రటి బోడి తల, తోక దగ్గర గులాబీ ఈకలు. వీటికి ఆ రంగులు ఎవరో తీరిగ్గా కూర్చుని వేశారేమో అనిపిస్తుంది.

చెట్ల కింద తాడు కట్టబోయాం. డ్రైవరు తమ్ముడు పైకి చూసి "సార్, వద్దు" అన్నాడు. నేల తెల్లగా ఉంది. చేపల వాసన. ఒక్క అరగంటలో బట్టమేక కూడా తెల్లబడేది. పాల కేంద్రం అరుగు మీదికి మార్చాం.

అక్కడ మొదటి ప్రశ్నే ఒకామె వేసింది. "ఇన్ని దెచ్చినారు, మా కొంగ యాడ?" లేదు. మాస్టరు దీన్ని ఇదివరకు దూరం నుంచే చూశాడట, గీయలేదట. వెంటనే గోడకానుకుని కూర్చుని గీయడం మొదలుపెట్టాడు. వెనక ముప్పై నలభై మంది. పిల్లకు ఆ ఎరుపు ఉండదు, బూడిదరంగులో ఉంటుందని ఒకరు. ముక్కు కొస కొంచెం కిందికి వంగుతుందని ఇంకొకరు. ఎండలో రెక్కలు విప్పి పిల్లల మీద నీడ పడేట్టు నిలబడుతుందని, అది వేస్తేనే ఈ ఊరి కొంగ అవుతుందని ఒక ముసలాయన. మాస్టరు చెరిపి మళ్లీ మొదలుపెట్టాడు. పేజీ అయిపోతే ఇంకో పేజీ. చివరిది చింపి పాల కేంద్రం గోడకు అంటించమన్నారు, అంటించాం.

సర్దుకుంటుంటే పిల్లలు చుట్టుముట్టారు. మళ్లీ ఎప్పుడొస్తారని. పరీక్షలయ్యాక అని చెప్పాం.

"వచ్చేటప్పుడు నెమలి వద్దు సార్, దాన్ని రోజూ చూస్తాండాం. పులిని తెండి."

తను చూడనిది వేయనని మాస్టరు చెప్పాడు. పులిని ఇంకా చూడలేదు, నల్లమలలో ఎన్నిసార్లు తిరిగినా అడుగుజాడలే దొరికాయి.

"అయితే ముందు నల్లమలకు పోయి చూసిరా సార్" అన్నాడు వాళ్లలో పెద్దవాడు. "మేం యాడికీ పోము."